ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఫాల్ట్ కోడ్‌లు: అపోహలు - వాస్తవాలు

అపోహ: పీ0700 వచ్చిందంటే గేర్‌బాక్స్ పోయినట్టే.

వాస్తవం: ఏది పాడైందో పీ0700 చెప్పదు. గేర్‌బాక్స్ కంప్యూటర్ (టీసీఎం) తన దగ్గర ఒక కోడ్ పడిందని ఇంజిన్ కంప్యూటర్‌కు కబురు పంపి, చెక్ ఇంజిన్ లైటు వెలిగించమంది, అంతే. అసలు కోడ్ టీసీఎంలోనే ఉంటుంది. ఫోన్‌కు కలిపే చవక రీడర్లు చాలావరకు ఇంజిన్ కోడ్‌ల దగ్గరే ఆగిపోతాయి. ట్రాన్స్‌మిషన్ మాడ్యూల్‌ను విడిగా తెరవగలిగే స్కానర్ కావాలి. ఒక్క పీ0700 చూసి ఓవర్‌హాల్‌కు ఎస్టిమేట్ రాసిచ్చే చోట కారు వదలకండి.

అపోహ: కోడ్‌లో ఏ పార్టు పేరుంటే ఆ పార్టు మార్చాలి.

వాస్తవం: ఎక్కువ డబ్బు తగలబడేది ఇక్కడే. పీ0753, పీ0751 రెండూ షిఫ్ట్ సొలినాయిడ్ ‘ఏ’ (గేర్ మార్చడానికి ఆయిల్ దారిని కరెంటుతో తెరిచి మూసే వాల్వ్) గురించే, కానీ దారులు వేరు. పీ0753 కరెంటు సమస్య: సొలినాయిడ్ కాయిల్, వైరు, కనెక్టర్, టీసీఎం, వీటిలో ఏదైనా కావచ్చు. పీ0751లో కరెంటు బాగానే ఉంది, ఆదేశం వెళ్లినా గేర్ మారలేదు. అక్కడ వాల్వ్ ఇరుక్కోవడం, ఆయిల్‌లో చెత్త, తక్కువ ప్రెషర్ చూడాలి. మొదటిదానికి మల్టీమీటర్, రెండోదానికి ప్రెషర్ గేజ్.

పీ0753కి వరస ఇది. ముందు బ్యాటరీ: ఇంజిన్ ఆపి కొలిస్తే 12.4 వోల్టుల కంటే తక్కువ ఉంటే ఛార్జ్ చేశాకే మిగతా పని. తర్వాత గేర్‌బాక్స్ కనెక్టర్ ఊడదీసి పిన్నుల మీద పచ్చటి చిలుము, లోపలికి ఊరిన ఆయిల్ ఉన్నాయేమో చూడండి. బ్యాటరీ నెగటివ్ తీసి, టీసీఎం వైపు ప్లగ్ నుంచి ఓమ్స్ కొలవండి, మళ్లీ గేర్‌బాక్స్ దగ్గర కొలవండి. చాలా ఆన్-ఆఫ్ సొలినాయిడ్లు చల్లగా ఉన్నప్పుడు 11 నుంచి 16 ఓమ్స్ చూపిస్తాయి. ప్రెషర్ కంట్రోల్ సొలినాయిడ్లు 5 దగ్గర ఉంటాయి. బాక్స్ దగ్గర 13 వచ్చి, టీసీఎం దగ్గర ఓపెన్ (దారి తెగినట్టు) చూపిస్తే తప్పు వైరుది, సొలినాయిడ్‌ది కాదు. చల్లగా ఉన్నప్పుడు సరిపోయిందని వదలొద్దు. కారు వేడెక్కాక, హార్నెస్ (వైర్ల కట్ట) కదుపుతూ మరోసారి కొలవాలి. మధ్యమధ్యలో వచ్చి పోయే కోడ్‌లు దొరికేది అప్పుడే.

అపోహ: పీ0731 అంటే ఫస్ట్ గేర్ క్లచ్ ప్లేట్లు అరిగిపోయాయి.

వాస్తవం: ఇది టీసీఎం వేసిన లెక్క. టర్బైన్ (గేర్‌బాక్స్‌లోకి వచ్చే షాఫ్టు) ఆర్‌పీఎంను ఔట్‌పుట్ (బయటికి వెళ్లే షాఫ్టు) ఆర్‌పీఎంతో భాగిస్తే గేర్ నిష్పత్తి రావాలి. ఐసిన్ 6 స్పీడ్ బాక్స్‌లో ఫస్ట్ గేర్ 4.148 అనుకుంటే, ఔట్‌పుట్ 500 ఉన్నప్పుడు టర్బైన్ దాదాపు 2074 ఉండాలి. 2400 ఉంటే ఎక్కడో స్లిప్ అవుతోంది, అంటే క్లచ్ పట్టు జారుతోంది. కానీ కారు హాయిగా లాగుతున్నా స్కానర్ లైవ్ డేటాలో ఆర్‌పీఎం అంకె ఒక్కసారిగా సున్నాకు పడి లేస్తుంటే అనుమానం స్పీడ్ సెన్సార్ మీదో దాని వైరు మీదో. నిజమైన స్లిప్ యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ పెరుగుతుంది.

కోడ్ ఏయే గేర్లకు పడిందో కలిపి చూడండి. ఇదే బాక్స్‌లో కే3 అనే లోపలి క్లచ్ 3, 5, రివర్స్‌లకు పనిచేస్తుంది. థర్డ్, ఫిఫ్త్ నిష్పత్తి తప్పి, రివర్స్ కూడా నీరసంగా ఉంటే ముందు కే3 వైపు వెళ్లాలి. అన్ని గేర్లకూ పడితే ఆయిల్ లెవల్, ఫిల్టర్, పంపు, సెన్సార్లు చూడకుండా బాక్స్ దించొద్దు.

అపోహ: ఆయిల్ ఎర్రగా, నిండుగా కనిపిస్తే చాలు.

వాస్తవం: డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే పుల్ల) లేని చాలా బాక్స్‌లలో ఇంజిన్ నడుస్తుండగా, ఆయిల్ కంపెనీ చెప్పిన వేడిలో (తరచుగా 35-45 డిగ్రీలు) ఉన్నప్పుడు లెవల్ ప్లగ్ తీసి చూడాలి. మే నెల మధ్యాహ్నం విజయవాడలో తిరిగొచ్చిన కారును అలాగే లిఫ్ట్ ఎక్కించి ప్లగ్ తీస్తే, వేడికి వ్యాకోచించిన ఆయిల్ కారిపోతుంది. ‘ఎక్కువైంది’ అనుకుని వదిలేస్తే చల్లారాక తక్కువ పడుతుంది. స్లిప్ కోడ్‌లు అక్కడే మొదలవుతాయి.

అపోహ: కోడ్ చెరిపేస్తే బాక్స్ రీసెట్ అవుతుంది.

వాస్తవం: పోయేది ఫ్రీజ్ ఫ్రేమ్, అంటే కోడ్ పడినప్పటి స్పీడ్, వేడి లాంటి ఆధారాలు. ముందు వాటిని ఫోటో తీసుకోండి. అడాప్టేషన్ రీసెట్ (గేర్లు మార్చే తీరులో టీసీఎం నేర్చుకున్న సర్దుబాట్లను చెరపడం) చాలా కార్లలో వేరే ఫంక్షన్. మెకానికల్ లోపం తీయకుండా దాన్ని ముట్టుకోవద్దు.

అపోహ: యూ0101 వస్తే టీసీఎం మార్చాల్సిందే.

వాస్తవం: టీసీఎంతో మాట కలవడం లేదని మాత్రమే అర్థం. ముందు దాని ఫ్యూజు, పవర్, ఎర్త్ చూడండి. తర్వాత బ్యాటరీ తీసి, ఓబీడీ సాకెట్ (స్కానర్ పెట్టే చోటు) 6, 14 పిన్నుల మధ్య ఓమ్స్ కొలవండి. క్యాన్ లైను (కారు కంప్యూటర్లు మాట్లాడుకునే వైర్ల జత) ఆ పిన్నులకు నేరుగా వచ్చే కార్లలో దాదాపు 60 ఓమ్స్ రావాలి. 120 వస్తే లైను ఎక్కడో తెగి ఉండొచ్చు.

అపోహ: ఏఎంటీ కూడా ఆటోమేటిక్కే, పద్ధతి ఒకటే.

వాస్తవం: ఏఎంటీ (ఆటోమేటెడ్ మాన్యువల్) అంటే మాన్యువల్ గేర్‌బాక్స్, డ్రై క్లచ్, వాటిని కదిపే యాక్చువేటర్. టార్క్ కన్వర్టరే లేదు కాబట్టి అందులో పీ0741 (కన్వర్టర్ క్లచ్ కోడ్) వెతకడం దండగ. క్లచ్ మార్చాక స్కానర్‌తో క్లచ్ లెర్నింగ్ (క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో కంప్యూటర్‌కు నేర్పడం) చేయకపోతే కొత్త క్లచ్‌తోనూ జర్కులు, కోడ్‌లు వస్తాయి. బిల్లు కట్టేముందే లెర్నింగ్ చేశారా అని అడగండి.