పరుపు గలీబు ముచ్చట

విద్యానగర్, హైదరాబాదు
ఆదివారం

చిరంజీవులు బుజ్జికి, చింటూకి అమ్మమ్మ ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. నాలుగు పేజీల్లో మూడున్నర పేజీలు స్కూలు సంగతులు, క్రికెట్టు, కొత్త కుక్కపిల్ల. ఆఖర్న ఒక మూలకి పెన్సిల్‌తో చీమతలకాయంత అక్షరాల్లో "అమ్మమ్మా, ఆ మరక పోయిందా?" అని. ఆ ఒక్క ముక్క అడగడానికే మిగతాదంతా రాశారని నాకు తెలియదనుకున్నారా?

పోయింది. రూపాయికి తొంభై పైసలు పోయింది. మిగిలిన పది పైసల సంగతి చివర్లో చెప్తాను.

బుజ్జీ, మే నెలలో ఆ రాత్రి రెండింటికి తమ్ముడి ముక్కులోంచి రక్తం కారితే భయపడకుండా వాణ్ని కూర్చోబెట్టి, తల ముందుకు వంచి, ముక్కు మెత్తటి భాగం నొక్కి పట్టుకున్నావు చూడు, అది భేష్. నేనున్నా అదే చేసేదాన్ని. ఆ తర్వాత చేసిన పనే కొంప ముంచింది. గీజరు వేసి మగ్గు నిండా వేణ్నీళ్లు తెచ్చి మరక మీద గుమ్మరించి, ఒంటి సబ్బుతో రుద్ది, పైన చెద్దరు కప్పేసి పడుకున్నావు. పొద్దున మిమ్మల్ని బస్సెక్కించి వచ్చి, చెద్దరు మడతపెడదామని పరుపు మీద కూర్చున్నాను. పచ్‌మని చప్పుడు. చీర మొత్తం తడిసింది.

తిట్టడానికి రాయడం లేదు. మీ ఇంట్లోనూ ఫోము పరుపు కొన్నారని, దసరా సెలవుల్లో దాని గలీబు మీరిద్దరే ఉతుకుతామని మాటిచ్చారని మీ అమ్మ చెప్పింది. ఉతకండి. ఈ ఉత్తరం చదివాక ఉతకండి.

ముందు వేణ్నీళ్ల సంగతి. కోడిగుడ్డు తెల్లసొన గట్టు మీద ఒలికితే చన్నీళ్లతో జారుతూ పోతుంది. అదే వేడి పెనం మీద పడితే గట్టిపడి అతుక్కుంటుంది, మళ్లీ నీళ్లలా మారమంటే మారదు. అందులో ఉన్నది ప్రొటీను. రక్తంలోనూ ప్రొటీనే. వేడి తగిలితే గుడ్డలోని పోగుల మధ్య ఉడికి బిగుసుకుపోతుంది. అందుకే రక్తం మరకకి ఎప్పుడూ చన్నీళ్లే. పాలు, గుడ్డు ఒలికినా అంతే.

రెండోది, నీళ్లు గుమ్మరించడం. ఇదే అసలు తప్పు.

ఫోము అంటే ఏమిటనుకున్నారు? మన ఇడ్లీకి దూరపు చుట్టం. ఇడ్లీపిండి పులిసినప్పుడు లోపల కార్బన్ డయాక్సైడ్ పుట్టి బుడగలు బుడగలుగా పొంగుతుంది కదా. ఫోము తయారయ్యే చోట కూడా రెండు రకాల రసాయన ద్రవాలకు కొద్దిగా నీళ్లు కలిపితే అదే వాయువు పుట్టి, పిండి పొంగినట్టు పొంగి, అలాగే గట్టిపడిపోతుంది. దాని పేరు పాలీయురెథేన్. 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ అనే రసాయన శాస్త్రవేత్త, ఆయనతో పనిచేసేవాళ్లు దీనికి దారి కనిపెట్టారు. నొక్కితే వేలి గుంట కాసేపు అలాగే ఉండే మెమరీ ఫోము 1966 నాటిది, అమెరికాలోని నాసా వాళ్లు విమానం సీట్ల కోసం చేయించారు. పరుపుల్లోకి తర్వాత వచ్చింది.

ఇప్పుడు ఇడ్లీని సాంబారులో వేయండి. రెండు నిమిషాల్లో మధ్య దాకా తాగేస్తుంది. పిండితే సాంబారు కొంత వస్తుంది గానీ ఇడ్లీ ఇడ్లీలా ఉండదు. ఫోము బుడగలు కూడా ఒకదాంట్లోకి ఒకటి తెరుచుకుని ఉంటాయి. పైన పోసిన నీళ్లు లోపలికి దిగిపోతాయి. పైన చెయ్యి పెడితే పొడిగా ఉంటుంది, కడుపులో తడి అలాగే ఉంటుంది. నాలుగు రోజులకు ముక్కవాసన మొదలవుతుంది, తర్వాత బూజు. కాబట్టి ఫోముని ఉతకకూడదు, నానబెట్టకూడదు, పైపుతో కడగకూడదు. ఉతికేది పైనున్న గలీబునే. లోపలిదానికి తడి తగలకుండా చూసుకోవడమే మన పని.

ఆ రోజు నేనేం చేశానో చెప్తాను. గలీబు జిప్పు తీసి పక్కన పెట్టాను. ఫోము తడిసినచోట పొడి తువాలు నాలుగు మడతలు వేసి పరిచి, దాని మీద ఎక్కి నిలబడ్డాను. అవును, అరవై ఎనిమిదేళ్ల ముసలమ్మ మంచం మీద నిలబడి అడుగులేస్తోంది! రుద్దలేదు, పిండలేదు, ఒత్తానంతే. పిండితే ఫోము చిరుగుతుంది. ఏడు తువాళ్లు మారేసరికి ఎనిమిదోది దాదాపు పొడిగా వచ్చింది. వంట సోడా చల్లి రెండు గంటలు ఉంచి మెత్తటి బ్రష్షుతో దులిపేశాను, వాసన లాగేస్తుంది. తర్వాత వాచ్‌మన్ భార్యని పిలిచి ఇద్దరం కలిసి పరుపుని గోడకి ఆనించి నిలబెట్టి ఫ్యాను పెట్టాం. రెండు రాత్రులు నేను చాప మీద పడుకున్నాను.

"డాబా మీద ఎండలో పడేస్తే గంటలో ఆరేది కదా" అంటాడు చింటూ. నేనూ అలాగే అనుకున్నాను, ముప్ఫై ఏళ్ల క్రితం.

మా చిన్నప్పుడు పరుపులన్నీ దూదివి. ఏడాదికోసారి దూదేకేవాళ్లు వీధిలోకి వచ్చేవాళ్లు. భుజాన పెద్ద విల్లులాంటిది, దాని తీగని చెక్కతో కొడితే టంగ్ టంగ్ అని వీధి చివరికి వినపడేది. గడ్డలు కట్టిన పత్తిని ఏకి ఏకి మబ్బుల్లా చేసి మళ్లీ కుట్టి ఇచ్చేవాళ్లు. ఆ పరుపుల్ని ఎండలో వేయడం, కర్రతో బాదడం మాకు అలవాటు. ఎండ పడితే దూది పొంగేది, నల్లులు పారిపోయేవి. అదే అలవాటుతో, మొదటిసారి కొన్న ఫోము పరుపుని ఎండాకాలం మొత్తం రోజూ డాబా మీద వేసి బాదాను. గలీబు కూడా తీసేసి మరీ! పరుపు మొదట పసుపురంగుకి తిరిగింది. జూన్ వచ్చేసరికి గోరుతో గీరితే రస్కులా పొడి రాలింది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పాలీయురెథేన్‌ని విరిచేస్తాయట, తర్వాత తెలిసింది. ఫోముకి నీడ, గాలి. ఎండ గలీబుకి మాత్రమే.

ఇక గలీబు ఉతకడం.

జిప్పు దగ్గర కుట్టిన తెల్ల గుడ్డముక్క ఉంటుంది, అది చదవకుండా జిప్పు తీయొద్దు. నీళ్ల తొట్టి బొమ్మలో 30 అని ఉంటే 30 డిగ్రీలకు మించని నీళ్లు. తొట్టిని ఇంటూ గుర్తుతో కొట్టేసి ఉంటే ఇంట్లో ఉతకకూడదు. త్రికోణాన్ని ఇంటూ గుర్తుతో కొట్టేసి ఉంటే బ్లీచింగ్ వద్దు. చతురస్రంలో గుండ్రం కొట్టేసి ఉంటే డ్రయ్యరు వద్దు. కొన్ని పరుపులకి జిప్పు ఉన్నా "తీయకండి" అని రాసి ఉంటుంది. అది ఉత్తుత్తి మాట కాదు. కొన్ని రకాల పరుపుల్లో నిప్పంటుకోకుండా లోపలి తొడుగులో గాజు పీచు వాడతారు. పై గలీబు తీస్తే ఆ పీచు ఇల్లంతా ఎగిరి ఒళ్లంతా దురద. అలా రాసి ఉంటే మంచం మీదే తడిగుడ్డతో తుడవండి, అంతే. మామూలు పరుపుల్లోనూ లోపల ఇంకో పల్చటి తెల్ల తొడుగు ఉంటే దాన్ని కదపొద్దు.

గలీబు తీశాక తిరగేసి, బయట దులిపి, జిప్పు మళ్లీ మూసేయండి. తెరిచి ఉంచితే మిషన్లో ఆ పళ్లు గుడ్డని కొరికేస్తాయి. మరకని ఉతకడానికి ముందే చూసుకోవాలి. నేను చన్నీళ్లలో గుప్పెడు ఉప్పు వేసి అరగంట నానబెట్టాను. నీ వేణ్నీళ్ల పుణ్యమాని గోధుమరంగు అచ్చు అలాగే ఉంది. అప్పుడు మెడికల్ షాపులో హైడ్రోజన్ పెరాక్సైడ్ సీసా తెచ్చి, అందులో అంతే నీళ్లు కలిపి, నాలుగు చుక్కలు వేశాను. ఎంత బాగుంటుందో! మరక ఉన్నచోట మాత్రమే బుసబుసమని తెల్లటి నురగ. పక్కన శుభ్రంగా ఉన్నచోట ఏమీ లేదు. రక్తంలోని ఒక ఎంజైము తగలగానే ఆ మందు విడిపోయి ఆక్సిజన్ వదులుతుంది, నురగ అదే. నురగ తగ్గగానే ఒత్తి తుడిచి, మళ్లీ వేసి, అలా ఐదుసార్లు. ఇది రంగు కూడా తినేస్తుంది, కాబట్టి తెల్ల గలీబుకే. అదైనా ముందు కనపడని మూల ఒక చుక్క వేసి చూడాలి. చేతికి గ్లౌజు, పక్కన అమ్మ ఉండాలి.

బ్లీచింగ్ ద్రవం జోలికి మాత్రం పోవద్దు. వెనిగర్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. పక్క తడిపిన మరక మీద పోసినా ఘాటు విషవాయువులే. (పక్క ఎవరు తడుపుతారో నేనేం పేర్లు చెప్పను.)

మిషన్లో గలీబుని ఒక్కదాన్నే వేయండి, నెమ్మదిగా తిరిగే పద్ధతిలో. పొడి సర్ఫు కంటే లిక్విడ్ మేలు. పొడి ఈ మందపాటి గుడ్డ మడతల్లో ఇరుక్కుని ఆరాక తెల్లటి చారలు తేలుతుంది. కంఫర్టులాంటివి వద్దు, గుడ్డ చెమట పీల్చడం మానేస్తుంది. లోపలివైపు ప్లాస్టిక్‌లా జారుగా ఉందంటే అది నీళ్లు దిగనివ్వని రకం. దాన్ని గట్టిగా స్పిన్ చేస్తే నీళ్లు ఒకపక్క సంచిలా నిలిచి మిషన్ గదిలో గంతులేస్తుంది. మీ మిషన్ చిన్నదైతే స్నానాల గదిలో టబ్బులో నానబెట్టి ఇద్దరూ ద్రాక్షపళ్లు తొక్కినట్టు తొక్కండి. చింటూకి ఇదే ఇష్టమని నాకు తెలుసు.

నీళ్లు కూడా చూసుకోవాలి. మా అపార్ట్‌మెంట్లో బోరు నీళ్లు, నల్లా నీళ్లు రెండూ వస్తాయి. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. బకెట్ అంచున తెల్లగా పేరుకుంటుంది చూడండి, అదే. సబ్బు ఆ నీళ్లలో నురగ రాక, జిడ్డు తెట్టులా గుడ్డకే పట్టుకుంటుంది, గలీబు ఆరాక అట్టలా గరగరలాడుతుంది. అందుకే నల్లా వచ్చే రోజు చూసుకుని ఉతుకుతాను, ఆఖరి రెండు జాడింపులైనా నల్లా నీళ్లతోనే. నల్లా నీళ్లంటే గండిపేటే గుర్తొస్తుంది నాకు. 1908లో మూసీ వరద వచ్చి ఊళ్లో వేల ఇళ్లు కొట్టుకుపోయాక మళ్లీ అలా కాకూడదని గండిపేట చెరువు కట్టారు, 1920లో పూర్తయింది. ఆ నీళ్లు తాగినవాళ్లు హైదరాబాదు వదలరని ఇక్కడివాళ్లు అంటారు. మీ తాతయ్యని చూస్తే నిజమే అనిపిస్తుంది.

ఆరేయడం. తడిసిన గలీబు మీ కుక్కపిల్ల కంటే బరువుంటుంది. ఒక మూల పట్టి దండేనికి వేలాడదీస్తే సాగి, మళ్లీ తొడిగినప్పుడు ఒకపక్క బొజ్జలా వేలాడుతుంది. పక్కపక్కనున్న రెండు దండేల మీద పరిచినట్టు వేయండి, తిరగేసే ఉంచి. దండేన్ని ముందు తడిగుడ్డతో తుడవండి. మా డాబా మీద పావురాలు ఎంత పని చేస్తాయో మీరు చూశారు కదా. ఇది వానల కాలం, పొద్దునే వేస్తే సాయంత్రానికి ఆరుతుందన్న నమ్మకం లేదు. మీ దసరాకి వానలు తగ్గుతాయిలెండి. ఇస్త్రీ వద్దే వద్దు.

ఆరిందో లేదో ఎలా తెలుసుకోవాలి? మధ్యలో తడమొద్దు, అక్కడ ఎప్పుడో ఆరిపోయి ఉంటుంది. జిప్పు వెంబడి ఉన్న కుట్టుని చెంపకి ఆనించి చూడండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. ఆ తడితో తొడిగారంటే ఫోము మీద మగ్గు నీళ్లు పోసినదానికీ దీనికీ పెద్ద తేడా లేదు.

తొడగడం మాత్రం మెత్తకి గలీబు వేసినంత తేలిక కాదు. ఒకరు పరుపుని నిలబెట్టి పట్టుకోవాలి, ఇంకొకరు దూరంగా ఉన్న రెండు మూలలు ముందు సరిగ్గా కూర్చోబెట్టి, మేజోడు తొడిగినట్టు మెల్లగా లాక్కుంటూ రావాలి. జిప్పు పట్టేస్తే పళ్ల మీద కొవ్వొత్తి రుద్దండి, గుంజొద్దు. పోట్లాడుకోకుండా పది నిమిషాలు పడుతుంది. మీకు అరగంట.

ఎన్నాళ్లకోసారి అంటే, గలీబు రెండు మూడు నెలలకి చాలు. చెద్దర్లు, మెత్త గలీబులు వారం వారం. మన ఒంటి మీద రాలే చర్మపు పొట్టు తిని బతికే దుమ్ము పురుగులు పరుపుల్లో ఉంటాయి, మిల్లీమీటరులో మూడోవంతు కూడా ఉండవు, కంటికి ఆనవు. చింటూ పొద్దున లేస్తూనే వరసగా తుమ్ముతాడే, దానికి అవే కారణం కావచ్చు. 60 డిగ్రీల వేడికి చస్తాయి. పరుపు గలీబు అంత వేడి తట్టుకోదు గానీ నూలు చెద్దర్లు తట్టుకుంటాయి. అందుకని మీ అమ్మతో చెప్పి గలీబు మీద ఇంకో పల్చటి ప్రొటెక్టరు కొనిపించండి. తరచూ దాన్నే ఉతుక్కోవచ్చు, ఈ కుస్తీ ఏడాదికి రెండుసార్లతో పోతుంది. నేనూ మొన్ననే కొన్నాను.

ఇక ఆ పది పైసల మరక. లేత గోధుమరంగు, అరచెయ్యంత, తాతయ్య పడుకునే వైపు. అప్పుడాయన ఊళ్లో పెళ్లికి వెళ్లారు కదా, ఏం జరిగిందో తెలియదు. వచ్చాక ఒకరోజు చెద్దరు మారుస్తుంటే చూసి కాసేపు అలాగే నిలబడ్డారు. తను ఎప్పుడో ఒలకబోసిన టీ అనుకున్నారు పాపం. మూడు నెలలుగా మంచం మీద టీ తాగడం మానేసి, కప్పు పట్టుకుని బాల్కనీలోకి వెళ్తున్నారు. నేనేం మాట్లాడలేదు. మీరు ఫోను చేసినప్పుడు మీరూ ఏం మాట్లాడకండి.

ఉంటాను.
మీ అమ్మమ్మ