జాకో నాదం కోసం ఫ్రెట్లు పీకే ముందు: ఫ్రెట్‌లెస్ బేస్ గురించి అపోహలు, వాస్తవాలు

మరమ్మతుకు వచ్చే బేస్ గిటార్లలో ఒక రకాన్ని సంచి జిప్పు సగం తీయగానే గుర్తుపట్టగలను. ఫింగర్‌బోర్డు, అంటే మెడ మీద వేళ్ళు నొక్కే చెక్క పలక మీద, ఫ్రెట్లు అనే అడ్డ లోహపు కడ్డీలు ఉండవు. అవి ఉండవలసిన గాడుల అంచులు ఎలుక కొరికినట్టు లేచిపోయి ఉంటాయి. వాటి మీద ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే పూత) కారిన కొవ్వొత్తిలా గడ్డకట్టి, మెడ పై చివర తీగలు ఆనే నట్ అనే పట్టీ గాడుల్లోకి కూడా దిగి ఉంటుంది. సంచి పక్క అరలో ఒక చిన్న కవరులో పీకిన ఫ్రెట్లు భద్రంగా ఉంటాయి. వాటిని ఎవరూ పారేయరు. "మళ్ళీ పెట్టేయవచ్చా అండీ?" అన్న ప్రశ్న ఆ కవరుతో పాటే నా బల్ల మీదికి వస్తుంది.

ఇంతకీ వీరందరికీ కావలసినది అమెరికన్ జాజ్ బేస్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్ నాదం. 1976లో ఆయన పేరుతోనే వచ్చిన తొలి ఆల్బమ్‌లోనూ, అదే సంవత్సరం గాయని జోనీ మిచెల్ 'హెజీరా'లోనూ, 1977లో వెదర్ రిపోర్ట్ బృందం 'హెవీ వెదర్'లోనూ వినిపించే ఆ పాడుతున్నట్టుండే బేస్. కోరిక మంచిదే, నేనూ ఆ కోరికతోనే ఈ పనిలోకి వచ్చాను. దాన్ని చేరుకోవడానికి జనం ఎంచుకుంటున్న దారి మీదే నా అభ్యంతరం.

అపోహ: ఆ నాదమంతా ఎపాక్సీ పూతలో ఉంది; ఫ్రెట్లు పీకి ఎపాక్సీ పోస్తే వచ్చేస్తుంది.

జాకో తన 1962 నాటి ఫెండర్ కంపెనీ జాజ్ బేస్ ఫింగర్‌బోర్డుకు పడవలకు వాడే ఎపాక్సీ పూసిన మాట నిజం. ఎందుకు పూశాడన్నది మాత్రం ఎవరూ పట్టించుకోరు. ఆయన వాడినవి రోటోసౌండ్ స్వింగ్ బేస్ 66 అనే రౌండ్‌వౌండ్ తీగలు. గుండ్రటి స్టీలు తీగను చుట్టి చేసిన ఇటువంటి తీగను, మధ్యలో ఫ్రెట్ లేకుండా నేరుగా రోజ్‌వుడ్ మీద అదిమి జారిస్తే, అది ఆకురాయిలా చెక్కను కోస్తుంది. ఆ కోత నుంచి చెక్కను కాపాడుకోవడానికే ఆ పూత. గట్టి ఉపరితలం వల్ల నాదానికి కొంత మెరుపూ కొంత నిలకడా కలుస్తాయి, కాదనను. అయితే మీరు వెతుకుతున్న ఆ 'మ్వా' అనే స్వరపు విరుపుకు కారణం పూత కంటే ముందు బోర్డు మీద తీగ ఎలా పరుచుకుంటోందన్నది.

తంబూరా గుర్రం మీద తీగ కింద నూలుపోగు జరిపి జీవ సరిచేసేటప్పుడు ఏం జరుగుతుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. తీగ గుర్రపు వంపును ఒరుసుకుంటూ కంపించే సరైన చోటు దొరికిన క్షణాన, అంతవరకూ మొద్దుగా ఉన్న ధ్వని ఒక్కసారిగా విచ్చుకుంటుంది. ఫ్రెట్‌లెస్ బేస్‌లో జరిగేదీ దాదాపు అదే. వేలి కొన దాటగానే తీగ బోర్డు నుంచి చాలా చిన్న కోణంలో లేస్తుంది. కంపించేటప్పుడు మొదటి కొన్ని సెంటీమీటర్లలో బోర్డును పదే పదే ముద్దాడుతుంది. ఆ తాకిడి నుంచి పుట్టే పై హార్మోనిక్స్ (మూలస్వరంతో పాటు మోగే సన్నని ఉపస్వరాలు) కంపనం తగ్గే కొద్దీ మారుతూ ఉండటం వల్ల స్వరం మీటిన తరువాత నోరు తెరుచుకున్నట్టు వినిపిస్తుంది. ఇది జరగాలంటే బోర్డు పొడవునా ఎత్తుపల్లాలు లేకుండా ఉండాలి, నెక్ (మెడ) దాదాపు నిటారుగా ఉండాలి, తీగలు తక్కువ ఎత్తులో ఉండాలి. నేను మామూలుగా నెక్ మధ్యలో 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్ల వంపు, బోర్డు చివర సుమారు 2 మిల్లీమీటర్ల ఎత్తు ఉంచుతాను. నట్ దగ్గరైతే తీగ కింద ఒక కాగితం దూరితే చాలు.

నా దగ్గర ఒకే బేస్‌కు బిగించగల రెండు నెక్‌లు ఉన్నాయి. ఒకదానికి ఎపాక్సీ పూత ఉంది, రెండోది ఏ పూతా లేని ఎబొనీ. వాదించడానికి వచ్చినవారిని అటు తిరిగి కూర్చోమని రెండూ వాయించి వినిపిస్తాను. తేడా ఉందని అందరూ అంటారు, అది నిజమే. ఎపాక్సీ ఏదని అడిగితే మాత్రం ధీమాగా తప్పు చెప్పినవారు నాకు చాలామంది గుర్తున్నారు.

ఇక వెన్న రాసే కత్తి కథ. జాకో ఆ కత్తితో ఫ్రెట్లు పీకేశాడన్న మాటను పట్టుకుని వంటగదిలో పని మొదలుపెట్టేవారు గమనించవలసిన సంగతి ఏమిటంటే, ఈ విషయంలో ఆయన చెప్పిన కథలే ఒకదానికొకటి పొసగవు. ఒకసారి తానే పీకానన్నాడు, ఇంకోసారి కొన్నప్పటికే ఎవరో మోటుగా పీకేసి ఉన్నారన్నాడు. మనిషి కథలు చెప్పడంలో ఘనుడు. వాటిని పనిముట్ల జాబితాగా చదువుకోకూడదు.

నిజంగా ఫ్రెట్ తీయాలంటే సోల్డరింగ్ ఐరన్‌తో దాన్ని వేడిచేసి, మూతి చదునుగా అరగదీసిన కట్టరును కిందికి జొనిపి, వెంట్రుక వెంట్రుకగా పైకి నొక్కుతూ రావాలి. అప్పుడు కూడా చెక్క పెచ్చులు లేస్తాయి, వాటిని వెంటనే అక్కడే అతికించాలి. తీసేసిన తరువాత అసలు సమస్య మొదలవుతుంది. ప్రతి ఫ్రెట్ కాలూ తన గాడిలో చీలలా బిగిసి నెక్‌ను వెనక్కి నెడుతూ ఉంటుంది. అవన్నీ ఒకేసారి పోతే, తీగల లాగుడుకు నెక్ ముందుకు వంగుతుంది. గాడులను గట్టి చెక్క బద్దలతో బిగువుగా నింపాలి. మెత్తని పూడికతో నింపితే ఆ బిగువు తిరిగి రాదు. పైగా ఫ్రెట్ ఎత్తు సుమారు ఒక మిల్లీమీటరు పోయింది కనుక నట్ గాడులూ, రెండో చివర ఉండే బ్రిడ్జి మీది శాడిళ్ళూ (తీగ ఆనే చిన్న దిమ్మెలు) ఆ మేరకు దిగాలి. శాడిల్ ఇక దిగని బేస్‌లో నెక్ మొదట్లో పలచని చీల పెట్టి కోణం మార్చాలి. ఆ తరువాతే బోర్డును దాని అడ్డ వంపు ప్రకారం సమం చేయడం. పాత ఫెండర్‌లలో ఆ వంపు 7.25 అంగుళాల వ్యాసార్ధం. చదునైన ఇసుక కాగితపు దిమ్మతో రుద్దేస్తే మధ్య తీగల కింద చెక్క ఎక్కువ అరిగి, అక్కడ ఏ ఎపాక్సీ పోసినా తీగలు గరగరలాడుతూనే ఉంటాయి.

ఎపాక్సీ కలపడం కూడా తేలిక కాదు, నా తొలి పూత కథే సాక్ష్యం. త్వరగా గట్టిపడుతుందని హార్డెనర్ (గట్టిపరిచే రెండో ద్రవం) కంటి కొలతన కాస్త ఎక్కువ పోశాను, మొత్తం ఒకేసారి లోతైన కప్పులో కలిపాను. నిమిషాల్లో కప్పు చేతికి సెగ కొట్టింది, అంచులు వంగాయి, సన్నగా పొగ లేచింది. ఎపాక్సీ గట్టిపడేటప్పుడు వేడి పుడుతుందనీ, అది లోతుగా పోగుపడి ఉంటే ఆ వేడి బయటికి పోలేక పని ఇంకా వేగంగా సాగుతుందనీ అప్పటికి నేను చదివే ఉన్నాను; చదవడం వేరు, కప్పును కిటికీలోంచి విసరడం వేరు. అప్పటికే బోర్డు మీద పోసిన భాగం, నిష్పత్తి తప్పినందువల్ల, వారం గడిచినా వేలికి జిగటగా అంటుకుంటూనే ఉంది. అంతా గీకి మళ్ళీ మొదలుపెట్టాను. హార్డెనర్ పెంచితే పూత త్వరగా గట్టిపడదు, అసలు గట్టిపడకుండా పోతుంది. తూకం వేసి, వెడల్పాటి పళ్ళెంలో కొద్దికొద్దిగా కలపండి. ముక్కుకు మాస్క్, చేతికి తొడుగులు తప్పనిసరి. గట్టిపడిన తరువాత రుద్దేటప్పుడు లేచే దుమ్ముకూ అంతే జాగ్రత్త కావాలి.

ఇన్ని చెప్పాక నా సలహా చిన్నదే. జాజ్ బేస్ నెక్ శరీరానికి సాధారణంగా నాలుగు స్క్రూలతో బిగించి ఉంటుంది. అదే కొలతకు తయారైన ఫ్రెట్‌లెస్ నెక్ ఒకటి తెచ్చుకుని మార్చి చూడండి. నచ్చకపోతే పాత నెక్ మళ్ళీ బిగించుకోవచ్చు. ఉన్న ఒక్క మంచి నెక్‌నూ కోల్పోయే ప్రమాదం ఉండదు. ఇప్పటికే పీకేసి, రాత్రి నిద్రపట్టక ఇది చదువుతున్నవారు మాత్రం బెంగపడకండి. ట్రస్ రాడ్ (నెక్ లోపల దాని వంపును సరిచేసే కడ్డీ) తిరుగుతున్నంత వరకు, బోర్డు మందం మిగిలి ఉన్నంత వరకు దాదాపు ప్రతి నెక్‌నూ పనికివచ్చే స్థితికి తేవచ్చు. సరిచేద్దామని ఇంకో పొర ఎపాక్సీ పోయకండి, అంతే. నేను గంటల తరబడి తీసే పొర సాధారణంగా ఆ రెండోదే.

అపోహ: 1962 జాజ్ బేస్, ఆ కాలపు ఆంప్ (ధ్వనిని పెంచే యాంప్లిఫయర్) లేనిదే ఆ ధ్వని రాదు.

ఆ బేస్ 1986లో ముక్కలై అతుకులు వేయించుకుంది, అదే సంవత్సరం దొంగతనానికి గురైంది, 2006లో గాని మళ్ళీ బయటపడలేదు. అదెలాగూ మీకు దొరకదు. జాకో వాడిన, అకూస్టిక్ అనే కంపెనీ 360 ఆంప్ సంగతికి వస్తే, 18 అంగుళాల స్పీకరు వెనక్కి తిరిగి ఉండే దాని క్యాబినెట్ ముందు నిలబడి వాయించినవారికి వినిపించేదీ, దూరంగా కూర్చున్నవారికి వినిపించేదీ ఒకటి కాదు. ఇంట్లో కూర్చుని హెడ్‌ఫోన్స్‌లో వాయించుకునేవారికి దాని వల్ల ఒరిగేది తక్కువ.

అసలు తేడా కుడిచేతిలో ఉంది. ఒకాయన జాకో సామగ్రి వివరాలన్నీ ఒక కాగితం మీద రాసుకుని వచ్చారు: తీగల కొలతలు, కెపాసిటర్ విలువ, అన్నీ. వాయించమంటే వేళ్ళు ఫింగర్‌బోర్డు చివర ఆనించి మెత్తగా మీటారు. చేతిని బ్రిడ్జి పికప్ (తీగ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగం) మీదికి జరపమన్నాను, బొటనవేలు ఆ పికప్ అంచు మీద ఆనించమన్నాను, నెక్ పికప్ వాల్యూమ్ దాదాపు మొత్తం తగ్గించాను, టోన్ కొద్దిగా తగ్గించాను. బ్రిడ్జికి దగ్గరగా మీటితే మూలస్వరపు బలం తగ్గి పై హార్మోనిక్స్ పాలు పెరుగుతుంది, ఆ ముక్కుగొంతు అక్కడి నుంచే వస్తుంది. తీగ అక్కడ బిరుసుగా ఉంటుంది కనుక వేలి కొన గట్టిగా, నిక్కచ్చిగా తగలాలి. మూడో స్వరానికే ఆయన తల ఎత్తి నా వైపు చూశారు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. బేస్‌లో నేను ఒక్క స్క్రూ కూడా తిప్పలేదు. బ్రిడ్జి పికప్ ఒక్కటే పెట్టినప్పుడు వచ్చే గుంయ్‌మనే హమ్ కూడా లోపమేమీ కాదు; సింగిల్ కాయిల్ పికప్‌లు రెండూ సమానంగా తెరిచినప్పుడే ఒకదాని హమ్‌ను మరొకటి కొట్టేస్తుంది.

అపోహ: కోరస్ పెడల్ పెడితే సరిపోతుంది.

సరిపోదు. కోరస్ శ్రుతిని అటూ ఇటూ కదిపి మందంగా చూపిస్తుంది, మీ వేలి తప్పును మీకే వినిపించకుండా దాచుతుంది. నేర్చుకునేటప్పుడు ఆపి ఉంచండి.

అపోహ: గీతలు లేని బోర్డు మీద వాయించినవాడే అసలు వాద్యగాడు.

జాకో బేస్ మీద పూడ్చిన గాడుల గీతలు స్పష్టంగా కనిపించేవి. ఇంకేం కావాలి? పైగా ఫ్రెట్ ఉన్న బేస్‌లో వేలు ఫ్రెట్‌కు వెనుక పడుతుంది. ఇక్కడ గీత మీదే పడాలి. ఫ్రెట్ల అలవాటుతో గీత వెనుక నొక్కేవారు ప్రతి స్వరమూ కొంచెం తగ్గించి వాయిస్తూ, తమ చెవి మంచిది కాదని కుంగిపోతుంటారు. 34 అంగుళాల స్కేలులో నట్ నుంచి తొలి అర్ధస్వరం దూరం సుమారు 48 మిల్లీమీటర్లు, పన్నెండో స్థానం దాటాక అది 24 మిల్లీమీటర్లే. అర్ధస్వరాన్ని 100 సెంట్లుగా లెక్కిస్తే, 2 మిల్లీమీటర్ల తప్పు కింద 4 సెంట్లు, పైన 8 సెంట్లు. పై స్థాయిలో స్వరాలు ఎక్కువ అపశ్రుతిగా వినిపించడానికి కారణం లెక్కలోనే ఉంది, చెవిని నిందించకండి.

బేస్ అప్పగించేటప్పుడు అందరూ అడిగే చివరి ప్రశ్న, ఏది సాధన చేయాలని. ఎ తీగను వదిలి మీటండి. అది మోగుతుండగానే డి తీగ ఏడో స్థానంలో దాని పై స్థాయి ఎ స్వరాన్ని మీటండి. శ్రుతి కలవకపోతే రెండు ధ్వనుల మధ్య ఉయ్యాల ఊగినట్టు ఒక అల వినిపిస్తుంది. వేలిని ఎత్తకుండా, కొనను మాత్రమే గీత మీద ముందుకు దొర్లించండి. అల నెమ్మదిస్తుంది, ఇంకా నెమ్మదిస్తుంది, ఒక చోట ఆగుతుంది. వేలు అక్కడే ఉంచి తీగ చల్లారేదాకా వినండి, ఆ తరువాత మళ్ళీ మీటండి.