రక్తపోటు బాగుంటే షాక్ లేనట్టేనా? కొన్ని అపోహలు – వాస్తవాలు

అత్యవసర విభాగానికి కొత్తగా వచ్చిన విద్యార్థులకు ఎన్ని పదాలు కంఠస్థమో నేను అడగను. ఒక పదం పలికినప్పుడు శరీరంలో ఏం జరుగుతున్నట్టు ఊహిస్తున్నారో అడుగుతాను, ఎందుకంటే పదం తప్పుగా అర్థమైతే చికిత్స ఆలస్యమవుతుంది.

అపోహ: రక్తపోటు మామూలుగా ఉంటే రోగి షాక్‌లో లేనట్టే.

వాస్తవం: కణజాలానికి చాలినంత రక్తం, దానితోపాటు ఆక్సిజన్ అందని స్థితే షాక్, రక్తపోటు పడిపోవడం అందులో చాలాసార్లు ఆలస్యంగా కనిపించే పరిణామం. రక్తస్రావం మొదలవగానే, ఆపదలో శరీరాన్ని అప్రమత్తం చేసే సింపథెటిక్ నాడీవ్యవస్థ గుండె వేగాన్ని పెంచి, చర్మానికీ పేగులకూ వెళ్లే రక్తనాళాలను బిగించి, ఉన్న రక్తాన్ని మెదడుకూ గుండెకూ మళ్లిస్తుంది. అందుకే 70 కిలోల వ్యక్తిలో ఉండే సుమారు 5 లీటర్ల రక్తంలో 15 నుంచి 30 శాతం పోయినా రక్తపోటులోని పై అంకె నిలకడగానే ఉండవచ్చు.

ఒకసారి రోడ్డు ప్రమాదంలో గాయపడిన యువకుడికి బీపీ 118/94, నాడి 126 వచ్చాయి. "బీపీ నార్మల్ సార్" అన్న విద్యార్థి చేతనే రోగి గోరును అయిదు సెకన్లు నొక్కించి వదిలించాను. రెండు సెకన్లలోపు ఎర్రబడవలసిన గోరు నాలుగు సెకన్ల దాకా పాలిపోయే ఉంది, వేళ్లు చల్లగా, చెమటతో తడిగా ఉన్నాయి. రక్తనాళాలు బిగుసుకున్నందున కింది అంకె పైకి వచ్చి, రెండు అంకెల మధ్య తేడా 24కు కుదించుకుపోయింది. కడుపులో రక్తస్రావం ఉందని స్కానింగ్‌లో తేలింది.

అయితే చల్లని చర్మం కోసమే ఎదురుచూడకండి. సెప్సిస్ (ఇన్ఫెక్షన్‌కు శరీరం అదుపుతప్పి స్పందించే స్థితి) వల్ల వచ్చే షాక్ తొలిదశలో చర్మం వెచ్చగా ఉండవచ్చు. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్లు అనే మందులు వాడేవారిలో నాడి పెరగకపోవచ్చు. పిల్లల్లో రక్తపోటు చివరిదాకా నిలబడి ఒక్కసారిగా కూలిపోతుంది.

అపోహ: హైపాక్సియా, హైపాక్సీమియా ఒకటే.

వాస్తవం: ధమనుల రక్తంలో ఆక్సిజన్ తగ్గితే హైపాక్సీమియా, కణజాలానికి అది చాలకపోతే హైపాక్సియా. కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును పీల్చిన రోగిని చూస్తే తేడా స్పష్టమవుతుంది. రక్తంలో కరిగిన ఆక్సిజన్ పీడనం మామూలుగానే ఉన్నా, ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌ను ఆ వాయువు ఆక్రమించడంతో కణాలు అలమటిస్తాయి. వేలికి తగిలించి ఆక్సిజన్ శాతం చూసే సాధారణ పల్స్ ఆక్సిమీటర్, ఆక్సిజన్ పట్టుకున్నదీ ఈ వాయువు పట్టుకున్నదీ అనే రెండు రకాల హిమోగ్లోబిన్‌ను వేరు చేయలేదు కాబట్టి 98 శాతం అని చూపినా నమ్మకూడదు. పెదవులు నీలిరంగుకు తిరగలేదన్న ధీమా కూడా పనికిరాదు: తీవ్రమైన రక్తహీనత ఉన్నవారిలో హిమోగ్లోబినే తక్కువ కనుక ఆ నీలిమ ఎంతకీ కనిపించకపోవచ్చు.

అపోహ: ఇస్కీమియా, ఇన్‌ఫార్క్షన్ రెండూ ఒకే అర్థమిచ్చే మాటలు.

వాస్తవం: రక్తప్రసరణ తగ్గి కణజాలం ఆకలిగొన్న దశ ఇస్కీమియా, అది కొనసాగి కణాలు చనిపోతే ఇన్‌ఫార్క్షన్. మొదటిదాన్ని వెనక్కి తిప్పవచ్చు, రెండోదాన్ని తిప్పలేము. గుండెపోటు రోగిలో మూసుకున్న ధమనిని తెరవడానికి ఇంత తొందర పడేది, ఇంకా బతికున్న కండరాన్ని దక్కించుకోవడానికే.

అపోహ: గుండెపోటు అంటే గుండె ఆగిపోవడం.

వాస్తవం: గుండెపోటు వచ్చిన మనిషి సాధారణంగా స్పృహలోనే ఉండి ఛాతీ నొప్పి గురించి చెప్పగలడు. గుండె ఆగిపోయే కార్డియాక్ అరెస్ట్‌లో స్పృహ, నాడి ఉండవు, శ్వాస ఆగిపోతుంది లేదా ఎగశ్వాసగా మిగులుతుంది. ఆ ఎగశ్వాసను చూసి ఊపిరి ఆడుతోందని ఆగిపోకుండా, పెద్దవారైతే నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతున ఛాతీని నొక్కడం వెంటనే మొదలుపెట్టాలి.