పిల్లలకు ఏ గేమ్ అమ్మొచ్చు, ఏది అమ్మొద్దు: అపోహలు - వాస్తవాలు

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్‌లలో గేమ్ డిస్కులు అమ్మేవాళ్ల కోసం, గంట లెక్కన ప్లేస్టేషన్ ఆడించే సెంటర్ల వాళ్ల కోసం, పిల్లల చేతికి ఫోన్ ఇచ్చే తల్లిదండ్రుల కోసం ఇది.

అపోహ: డబ్బా మీద 18 ఉంటే గేమ్ అంత కష్టమని అర్థం.

"మావోడు హుషారు, ఆడేస్తడు" అని తండ్రులు ఎర్ర ముద్ర డిస్కు కొనిచ్చేది ఈ పొరపాటుతోనే. ఆ అంకె చెప్పేది తెర మీద ఏం కనిపిస్తుందో, ఏం వినిపిస్తుందో. ఎంతో ఒడుపు కావాల్సిన ఫుట్‌బాల్ గేమ్‌కు 3 ఉంటుంది. యూరప్ ముద్ర అయిన పెగిలో 3, 7 ఆకుపచ్చ, 12, 16 నారింజ, 18 ఎరుపు. అమెరికా డిస్కు మీద అక్షరాలుంటాయి: టి అంటే 13, ఎం అంటే 17, ఏఓ అంటే 18 నిండాలి. పెగి డబ్బా వెనక పిడికిలి హింసకు, సిరంజి మత్తుమందులకు, సాలీడు భయానికి గుర్తు. గిరాకీకి ముందు ఆ వెనక వైపు చూపించండి, ధర తర్వాత చెప్పండి.

అపోహ: సినిమాకు 'ఏ' సర్టిఫికెట్ ఉన్నట్టే గేమ్‌లకూ మన దగ్గర చట్టం ఉంది.

లేదు. బ్రిటన్‌లో 2012 నుంచి 12, 16, 18 ముద్రలకు చట్టబలం ఉంది. హింస ఉన్న గేమ్‌లు పిల్లలకు అమ్మొద్దని కాలిఫోర్నియా 2005లో తెచ్చిన చట్టాన్ని అమెరికా సుప్రీంకోర్టు 2011లో 7-2తో కొట్టేసింది. మన 2025 ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నిషేధించింది డబ్బు పెట్టి ఆడే ఆటలను, హింసను కాదు. అశ్లీలం సంగతి వేరు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 295 ప్రకారం 18 ఏళ్ల లోపు వాళ్లకు అశ్లీల వస్తువు అమ్మినా, అద్దెకిచ్చినా మొదటిసారికే మూడేళ్ల దాకా జైలు, 2,000 రూపాయల దాకా జరిమానా. అద్దె కూడా ఉందని సెంటర్ల వాళ్లు గమనించాలి.

మిగతాదంతా గల్లా దగ్గర కూర్చున్నవాళ్ల చేతిలోనే ఉంది. అనుమానం వస్తే ఆధార్‌లో పుట్టిన తేదీ చూసి కార్డు తిరిగిచ్చేయండి, జిరాక్స్ ఉంచుకోవద్దు. సెంటర్‌లో ప్లేస్టేషన్‌కు వయసు పరిమితి పెట్టినా పాస్‌కోడ్ మార్చరు. కంపెనీ నుంచి వచ్చేది 0000, అది పిల్లలందరికీ తెలుసు. ముందు అది మార్చండి.

అపోహ: హింస ఉన్న గేమ్ ఆడితే పిల్లవాడు నేరస్థుడవుతాడు.

అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2020లో చెప్పింది ఇదీ: దూకుడుతో చిన్నపాటి సంబంధం కనిపిస్తోంది, నేరాలకు గేమ్‌లే కారణమనడానికి ఆధారాలు చాలవు. పిల్లలను భయపెట్టడానికి లేనిది చెప్పొద్దు. పదేళ్ల పిల్లవాడి కళ్లకు నరుకుళ్లు అక్కర్లేదు, వద్దనడానికి అదొక్కటి చాలు.

అపోహ: ప్లే స్టోర్‌లో లాక్ పెట్టాం, ఇక భయం లేదు.

ప్రొఫైల్ బొమ్మ, సెట్టింగ్స్, ఫ్యామిలీ, పేరెంటల్ కంట్రోల్స్, పిన్, తర్వాత వయసు: ఇంతవరకు సరే. కానీ అది అప్పటికే ఫోన్‌లో ఉన్న గేమ్‌లను ఆపదు. ఫోన్ సెట్టింగ్స్‌లో ప్లే స్టోర్ డేటా చెరిపేస్తే పిన్ కూడా పోతుంది. ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్‌తో పనిలేకుండా యాప్‌ను ఎక్కించే ఫైల్) బ్రౌజర్ నుంచి దిగితే ఆ లాక్‌కు తెలియదు. అందుకే పిల్లల ఫోన్‌లో ఫ్యామిలీ లింక్ (పిల్లల ఫోన్‌ను తల్లిదండ్రులు అదుపు చేసే గూగుల్ యాప్) ఖాతా పెట్టి, తెలియని చోటి నుంచి యాప్‌లు దించుకునే అనుమతిని తల్లిదండ్రుల ఫోన్ నుంచే ఆపేయండి. పాత గేమ్‌లను ఒక్కొక్కటిగా చేత్తో తీసేయాలి.