రెండు ఊళ్లు చాలర్రా

సూళ్లూరుపేట

చిరంజీవులు కన్నకూ చిట్టికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న వాట్సాప్‌లో మీరు పంపిన లిస్టు చూశాను. యూరప్‌లోని ఆ బుల్లి దేశం మాంటెనెగ్రోలో ఐదు రోజులు, అందులో తొమ్మిది ఊళ్లు! మీ అమ్మమ్మకు చదివి వినిపిస్తే, "వీళ్లు వెళ్లేది ఊళ్లు చూడ్డానికా, బస్సులెక్కడానికా?" అంది. ఆవిడ మాట తీసిపారేయకండి. మూడేళ్ల క్రితం మేం వియన్నాలో మీ పిన్ని దగ్గరికి వచ్చినప్పుడు తను మమ్మల్ని ఎనిమిది రోజులు మాంటెనెగ్రోలో తిప్పింది. మేమూ ఇలాంటి లిస్టుతోనే బయల్దేరాం. నాలుగో రోజుకి దాన్ని చించేశాం.

మ్యాప్ చూసి మోసపోతాం. దేశం మొత్తం 13,812 చదరపు కిలోమీటర్లు, మన పాత నెల్లూరు జిల్లా కన్నా కాస్త పెద్దది, అంతే. జనం ఆరు లక్షల చిల్లర. ఈ చివర హెర్సెగ్ నోవి నుంచి ఆ చివర ఉల్సిన్ దాకా తీరం వెంట రోడ్డు సుమారు 110 కిలోమీటర్లు. రెండు గంటల పనే కదా అనిపిస్తుంది. కానీ అక్కడ కొండలు నేరుగా సముద్రంలోకి దిగిపోతాయి. మధ్యలో మిగిలిన సన్నటి అంచు మీదే రోడ్డు, ఎండాకాలం కార్లన్నీ దాని మీదే. ఒక్క బుద్వా దాటడానికే మాకు ఓ రోజు గంటంబావు పట్టింది.

అందుకని నా సలహా ఇది. కోటర్ అఖాతం వైపు ఒక ఊళ్లో మూడు రాత్రులు, దక్షిణాన ఒక ఊళ్లో రెండు రాత్రులు పడుకోండి. మిగతావి దారిలో తగిలితే చూడండి, తగలకపోతే పోనీండి.

అఖాతం వైపు పెరాస్త్‌లో దిగండి. అందరూ కోటర్‌లో రూమ్ తీసుకుంటారు, పెరాస్త్‌ని ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. మీరు తిరగేసి చేయండి. రెంటికీ మధ్య దూరం ఓ 12 కిలోమీటర్లు.

పెరాస్త్ అంటే నీళ్ల ఒడ్డున ఒకే వీధి, వెనక కొండ, మూడొందల మంది జనం. ఎదురుగా రెండు చిన్న ద్వీపాలు. ఒకటి దేవుడు పెట్టింది, రెండోది మనుషులు కట్టుకున్నది. 1452 జులై 22న సముద్రంలో ఒక బండ మీద మేరీమాత పటం జాలర్లకు దొరికిందని కథ. ఆ బండ చుట్టూ రాళ్లు పోస్తూ, పాత ఓడల్లో రాళ్లు నింపి ముంచేస్తూ, ద్వీపాన్నే లేపేశారు. ఇప్పటికీ ఏటా జులై 22 సాయంత్రం పడవలు వరసగా కట్టుకుని వెళ్లి రాళ్లు వేసి వస్తారు. మీ సెలవులు జూన్‌లోనే అయిపోతాయి కాబట్టి అది మీకు దొరకదు.

ఆ ద్వీపం మీది మేరీమాత గుడి లోపలికి మాత్రం తప్పకుండా వెళ్లండి. గోడల నిండా వెండి రేకులుంటాయి. మన గుళ్లలో కన్ను బాగైతే వెండి కన్ను, కాలు బాగైతే వెండి కాలు సమర్పిస్తాం చూడండి, అలాంటి మొక్కుబడులే. కాకపోతే వీటి మీద ఓడలు, తుపాను అలలు చెక్కి ఉంటాయి. సముద్రంలో ప్రాణాలు దక్కించుకున్నవాళ్లు ఇచ్చినవి. మీ అమ్మమ్మ వాటి ముందు నిలబడి చాలాసేపు కదల్లేదు. అక్కడే అద్దం వెనక ఒక కుట్టుపని ఉంది. పెరాస్త్ ఆవిడ ఒకరు ఇరవై ఐదేళ్లు కూర్చుని కుట్టారట, దారంతో పాటు తన సొంత జుట్టు వాడి. దగ్గరికి వెళ్లి చూడండి. దేవదూతల తలలు కొన్ని గోధుమరంగులో, కొన్ని తెల్లగా ఉంటాయి. కుడుతూ కుడుతూ ఆవిడ జుట్టు నెరిసిపోయింది.

జాగ్రఫీ మాస్టర్ని కదా, ఒకమాట చెప్పకుండా ఉండలేను. గైడ్లు ఈ అఖాతాన్ని ఫియర్డ్ అంటారు. కాదు. ఫియర్డ్‌ని హిమానీనదం తవ్వుతుంది. ఇది నది కోసిన లోయ, సముద్రమట్టం పెరిగి మునిగిపోయింది. గైడ్‌తో వాదించకండి, మీ పిన్ని నన్ను అప్పటికే ఓసారి చెయ్యి పట్టి లాక్కొచ్చింది.

కోటర్‌కి పొద్దున ఎనిమిదింటికల్లా చేరాలి. పది దాటితే క్రూయిజ్ ఓడలొస్తాయి, ఆ రాతి సందుల్లో మన తిరునాళ్లే. కోటగోడ ఎక్కడానికి దాదాపు 1,350 మెట్లు. ఎండెక్కాక వద్దు. నేను సగం దూరంలో ఉన్న చిన్న చర్చి దగ్గరే కూర్చుండిపోయాను, అక్కణ్ణుంచి కూడా ఎర్ర పెంకుల కప్పులన్నీ కనబడతాయి. దిగాక ఊళ్లో ఊరికే తిరగండి. కూడళ్ల పేర్లు చూడండి: పిండి కూడలి, పాల కూడలి. ఎక్కడ ఏం అమ్మేవారో ఆ పేరే మిగిలింది. అక్కడి సెయింట్ ట్రిఫాన్ చర్చికి 1166లో ప్రతిష్ఠ జరిగింది. 1979 ఏప్రిల్ 15 భూకంపంలో ఊరు బాగా దెబ్బతింది, ఆ ఏడాదే యునెస్కో జాబితాలోకి ఎక్కింది. చిట్టీ, పిల్లులు నీ కోసమే. మెట్టుకో పిల్లి పడుకుని ఉంటుంది.

హెర్సెగ్ నోవి అందమైన ఊరే, కానీ అంతా మెట్లు. మీ మోకాళ్లకి ఫరవాలేదులే. టివాట్ ఒకప్పుడు నౌకాదళం ఓడలు బాగుచేసే చోటు, ఇప్పుడు కోటీశ్వరుల పడవల స్టాండ్. ఎయిర్‌పోర్ట్ అక్కడే కాబట్టి ఎలాగూ చూస్తారు.

బుద్వా గురించి మీ నాన్న పట్టుబడుతున్నాడని తెలుసు. పాత ఊరు బాగుంటుంది, బీచ్‌లున్నాయి, కాదనను. ఒక మధ్యాహ్నం ఆగండి. రాత్రి మాత్రం వద్దు. మేం నెట్‌లో 'ప్రశాంతమైన గది' అని చూసి బుక్ చేశాం. కింద మ్యూజిక్ తెల్లవారుజామున నాలుగింటి దాకా దంచింది. మంచం మీద గ్లాసులో నీళ్లు వణికాయి. అమ్మమ్మ దుప్పటి ముసుగేసుకుని విష్ణుసహస్రనామం చదివింది. స్వేతి స్టెఫాన్ అక్కణ్ణుంచి పది కిలోమీటర్ల లోపే. సముద్రంలోకి పొడుచుకొచ్చిన బండ మీది జాలర్ల పల్లెను 1950ల్లో మొత్తంగా హోటల్ చేసేశారు. పైన రోడ్డు మీంచి చూస్తే చాలు, అందం అక్కణ్ణుంచే.

ఇక రెండో బస ఉల్సిన్. అందరూ వదిలేసే ఊరు, అల్బేనియా సరిహద్దుకి దగ్గర. ఇక్కడ జనంలో ఎక్కువమంది అల్బేనియన్లు. కోటర్ 1420 నుంచి 1797 దాకా వెనిస్ చేతిలో ఉంటే, ఉల్సిన్ 1571 నుంచి 1880 దాకా ఒట్టోమాన్ల చేతిలో ఉంది. అందుకే అక్కడ గంటలు వింటారు, ఇక్కడ సాయంత్రం అజాన్ వింటారు. ఒకప్పుడు సముద్రపు దొంగల ఊరు. కన్నా, కొండ మీది కోట వాళ్ల అడ్డానే.

మిగతా తీరంలో ఇసక తక్కువ, గులకరాళ్లే. నీళ్లలో నల్ల ముళ్ల బంతుల్లాంటి జీవులుంటాయి, చెప్పుల్లేకుండా దిగకండి. ఉల్సిన్ పక్కన మాత్రం దాదాపు 12 కిలోమీటర్ల ఇసక తీరం. అయినా నేను రమ్మనేది దానికి కాదు. ఊరికి తూర్పున ఉప్పు మడులున్నాయి, సుమారు 1,500 హెక్టార్లు. చిన్నప్పుడు పులికాట్‌లో మీకు చూపించిన ఫ్లెమింగోలే అక్కడా దిగుతాయి! మడి గట్టు మీద నిలబడితే మన తడ రోడ్డు మీద ఉన్నట్టే ఉంది నాకు.

అక్కడ ఉప్పు తీయడం 2013లో ఆగిపోయింది. ఉప్పు పోతే పక్షులకు హాయి కదా అనుకుంటాం. అలా కాదు. ఉప్పు పండాలంటే పంపులతో నీళ్లు ఒక మడి నుంచి ఇంకో మడికి మళ్లించాలి. ఆ లోతు సమంగా ఉండబట్టే పక్షులు నిలబడి మేయగలిగేవి. పంపులు ఆగి గట్లు తెగితే కొన్ని మడులు ఎండిపోతాయి, కొన్ని మునిగిపోతాయి. హోటళ్లు కడతారన్న భయం కూడా ఉండేది. చాలా గొడవ జరిగాక 2019లో రక్షిత ప్రాంతం చేశారు.

బార్ అనే ఊరు దారిలోనే వస్తుంది. అక్కడ రెండు వేల ఏళ్లు దాటిన ఆలివ్ చెట్టుంది, పది నిమిషాలు ఆగండి. డబ్బు మార్చుకునే పని లేదు. దేశం ఇంకా యూరోపియన్ యూనియన్‌లో చేరకపోయినా అక్కడ చెల్లేది యూరోనే.

ఉప్పు మడులకి పొద్దున్నే వెళ్లండి, ఎండెక్కితే గాలి మసకబారుతుంది. నా బైనాక్యులర్స్ మీ పిన్ని ఇంట్లోనే మర్చిపోయాను, హాల్లో టీవీ కింది సొరుగులో ఉండాలి. ఫోన్ చేసి పంపమని అడగండి.

ఇట్లు,
మీ తాతయ్య