సొంత రేవుకు 12 వేల కిలోమీటర్ల అవతల యుద్ధం

1982 ఏప్రిల్ 2న అర్జెంటీనా సైన్యం దక్షిణ అట్లాంటిక్‌లో బ్రిటన్ పాలనలో ఉన్న ఫాక్‌లాండ్ దీవుల్లో దిగింది. మూడు రోజులకే హెర్మిస్, ఇన్విన్సిబుల్ అనే రెండు విమానవాహక నౌకలు ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మత్ రేవు విడిచి దక్షిణానికి బయల్దేరాయి. బ్రిటన్ నుంచి ఆ దీవులు 12 వేల కిలోమీటర్లకు పైనే. దారిలో బ్రిటన్‌కు ఆసరాగా ఉన్నది అట్లాంటిక్ మధ్యలోని అసెన్షన్ దీవి. అక్కడి నుంచి కూడా ఇంకా 6 వేల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం ఉంది.

అంత దూరం నుంచి యుద్ధం చేయడం ఎంత కష్టమో మే 1న తేలింది. ఫాక్‌లాండ్స్‌లోని స్టాన్లీ రన్‌వే మీద బాంబులు వేయడానికి అసెన్షన్ నుంచి ఒక వల్కన్ బాంబర్‌ను పంపారు. ఆ ఒక్క విమానం వెళ్లి రావడానికి గాల్లోనే ఇంధనం నింపే ట్యాంకర్ విమానాలు 11 ఎగరాల్సి వచ్చింది. ఆ ట్యాంకర్లకు కూడా దారిలో వేరే ట్యాంకర్లే ఇంధనం నింపాయి. వల్కన్ దాదాపు 16 గంటలు గాల్లో ఉంది. వేసిన 21 బాంబుల్లో రన్‌వేకు తగిలింది ఒక్కటి. ఆ పొద్దున్నే హెర్మిస్ మీద నుంచి లేచిన సీ హారియర్ యుద్ధ విమానాలు అదే విమానాశ్రయంపై దాడి చేసి అన్నీ క్షేమంగా తిరిగొచ్చాయి. ఎయిర్‌బేస్‌ను సముద్రం మీద వెంట తీసుకెళ్తే కలిగే లాభం ఇదే.

అయితే ఆ ఎయిర్‌బేస్ చాలా చిన్నది. విమానం లేవాలంటే రెక్కల మీదుగా గాలి తగినంత వేగంగా పారాలి. ఆ వేగం 10 శాతం తగ్గినా రెక్కలు పైకి లేపే బలం 19 శాతం పడిపోతుంది. నేల మీద కిలోమీటర్ల రన్‌వే ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. ఓడ మీద ఉండేది వందా రెండొందల మీటర్లే. అందుకే విమానాలు లేచే ముందు ఓడను ఎదురుగాలికి తిప్పి పూర్తి వేగంతో నడుపుతారు. ఓడ వేగం, గాలి వేగం రెండూ విమానానికి కలిసొస్తాయి.

మే 2 తెల్లవారుజామున అర్జెంటీనా విమానవాహక నౌక వెయింతిసింకో దె మాయో బ్రిటిష్ నౌకాదళం మీదికి స్కైహాక్ విమానాలను పంపడానికి సిద్ధమైంది. అది రెండో ప్రపంచ యుద్ధం నాటి పాత ఓడ, వేగం తక్కువ. దక్షిణ అట్లాంటిక్‌లో ఎప్పుడూ హోరుమనే గాలి సరిగ్గా ఆ రోజు పడిపోయింది. బాంబులు, ఇంధనం నింపుకున్న స్కైహాక్‌లను లేపడానికి ఓడ వేగం, క్యాటపల్ట్ (విమానాన్ని ఆవిరి బలంతో ముందుకు విసిరే యంత్రం) తోపు రెండూ కలిసినా చాలలేదు. దాడి ఆగిపోయింది. ఆ సాయంత్రమే బ్రిటిష్ జలాంతర్గామి కాంకరర్, జనరల్ బెల్‌గ్రానో అనే అర్జెంటీనా యుద్ధనౌకను ముంచేసింది. 323 మంది చనిపోయారు. ఆ తర్వాత అర్జెంటీనా విమానవాహక నౌక తీరం వదిలి రాలేదు.

హారియర్లకు గాలి మీద అంత ఆధారం అక్కర్లేదు. ఒక కారణం హెర్మిస్ ముందు భాగంలో 12 డిగ్రీల వాలుతో పైకి వంగిన డెక్, అంటే స్కీ జంప్. దాని అంచు దాటేసరికి విమానానికి ఎగరడానికి సరిపడా వేగం ఇంకా రాదు. కానీ వాలు దాన్ని పైకి విసురుతుంది. ఆ విసురు తగ్గేలోపు కొన్ని సెకన్లు దొరుకుతాయి, ఆ సెకన్లలో ఇంజన్ మిగతా వేగాన్ని అందిస్తుంది. దాంతో అదే పొడవు డెక్ నుంచి ఎక్కువ బరువుతో లేవవచ్చు. డగ్ టేలర్ అనే బ్రిటిష్ నౌకాదళ అధికారి ఆలోచన ఇది. కదిలే భాగం ఒక్కటీ లేదు, ఆవిరితో పనే లేదు. ఇరవయ్యో శతాబ్దపు యుద్ధనౌకల్లో ఇంత తేలికైన, ఇంత పనికొచ్చిన మార్పు మరొకటి నాకు కనపడదు.

అర్జెంటీనా వేగవంతమైన జెట్ యుద్ధ విమానాలు ఇక ప్రధాన భూభాగం నుంచే రావాల్సి వచ్చింది. సుమారు 700 కిలోమీటర్లు ఎగిరొస్తే దీవుల మీద నిలవడానికి నిమిషాల ఇంధనమే మిగిలేది. స్టాన్లీ రన్‌వే వాటికి చాలనంత పొట్టిది. అయినా ఆ పైలట్లు ప్రాణాలకు తెగించి వచ్చి ఓడల్ని ముంచారు. మే 4న అర్జెంటీనా ఎగ్జోసెట్ క్షిపణి షెఫీల్డ్ అనే బ్రిటిష్ యుద్ధనౌకను కొట్టాక బ్రిటిష్ విమానవాహక నౌకలు దీవులకు దూరంగా తూర్పు వైపునే ఉండాల్సి వచ్చింది. రెండిట్లో ఒక్కటి పోయినా యుద్ధం పోయినట్టే. వాటిని అలా దూరంగా ఉంచినందువల్ల హారియర్లు దీవుల మీద కాపలా కాసే టైమ్ తగ్గింది.

నాకు వీటన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది మే 25న జరిగిన సంగతి. అట్లాంటిక్ కన్వేయర్ యుద్ధనౌక కాదు, కంటైనర్లు మోసే సరుకు ఓడ. బ్రిటిష్ ప్రభుత్వం దాన్ని యుద్ధం కోసం తీసుకుని హెలికాప్టర్లు, గుడారాలు, తాత్కాలిక రన్‌వే సామాను ఎక్కించింది. తెచ్చిన హారియర్లను అప్పటికే దించేశారు. రెండు ఎగ్జోసెట్‌లు దాన్ని తగలబెట్టాయి. 12 మంది చనిపోయారు. మూడు చినూక్‌లు, ఆరు వెసెక్స్ హెలికాప్టర్లు బూడిదయ్యాయి. ఆ సమయానికి గాల్లో ఉన్న చినూక్ ఒక్కటే మిగిలింది. ఆ తర్వాత ఒక ట్రిప్పులో అది 81 మంది సైనికుల్ని మోసింది.

హెలికాప్టర్లలో వెళ్లాల్సిన బ్రిటిష్ సైనికులు తాము తీరం మీద దిగిన శాన్ కార్లోస్ నుంచి స్టాన్లీ వైపు నడక మొదలుపెట్టారు. సుమారు 36 కిలోల బరువు, కాళ్లు దిగబడే బురద నేల, చలికాలం. కొన్ని దళాలు దాదాపు 90 కిలోమీటర్లు అలా నడిచాయి. జూన్ 14న అర్జెంటీనా సేన లొంగిపోయింది. ఆ నడక భారమంతా ఒక సరుకు ఓడ మునగడం వల్ల మీద పడిందే. హారియర్లు గగనతల పోరులో ఒక్కటీ కూలకుండా సుమారు 20 శత్రు విమానాల్ని పడగొట్టిన కథ అందరూ చెబుతారు. ఆ సరుకు ఓడ కథ కూడా అంతే గట్టిగా చెప్పుకోవాలి.

హెర్మిస్‌ను మన దేశం కొనుక్కుంది. 1987 నుంచి 2017 వరకు అది ఐఎన్ఎస్ విరాట్. 2022లో నౌకాదళంలో చేరిన కొత్త విక్రాంత్‌కు కూడా స్కీ జంపే ఉంది. వాటి వెనక నడిచే సరుకు ఓడల పని ఇప్పుడు విశాఖపట్నంలో జరుగుతోంది. నౌకాదళం కోసం ఐదు ఫ్లీట్ సపోర్ట్ నౌకలు కట్టడానికి హిందుస్థాన్ షిప్‌యార్డ్ 2023 ఆగస్టులో సుమారు 19 వేల కోట్ల రూపాయల ఒప్పందం చేసుకుంది. ఒక్కొక్కటి 44 వేల టన్నులు. నడిసముద్రంలోనే యుద్ధనౌకలకు ఇంధనం, మంచినీళ్లు, మందుగుండు, తిండి సామాను అందించడమే వాటి పని. మొదటి నౌకకు ఉక్కు కోత 2024 ఏప్రిల్‌లో మొదలైంది.