ద్రూయిడ్‌కూ ద్రావిడకూ చుట్టరికం ఉందా?

గాల్ (నేటి ఫ్రాన్స్ ప్రాంతం), బ్రిటన్, ఐర్లండ్ దేశాల ప్రాచీన కెల్టిక్ పురోహితులను ద్రూయిడ్లు అంటారు. చారిత్రక భాషాశాస్త్రం పాఠాలు చెప్పుకునేవాడిని కాబట్టి, ఈ మాట మీద ఏడాదికి రెండు మూడు సందేశాలైనా నా ఫోనుకు వస్తాయి.

అపోహ: ‘ద్రావిడ’ శబ్దమే పడమటికి పోయి ‘ద్రూయిడ్’ అయింది.

వాస్తవం: ‘ద్రావిడ’ కంటే వెనక్కి వెళితే ‘ద్రమిడ’, పాళీలో ‘దమిళ’ కనిపిస్తాయి. అంటే తమిళమన్న మాటకు దగ్గరవుతాం. ‘ద్రావిడ’లోని రేఫ (‘ర’ ధ్వని) సంస్కృతంలో తరువాత వచ్చి చేరినది. ద్రూయిడ్‌లో రేఫ పుట్టుకతోనే ఉంది. ఏ అక్షరాన్ని చూసి చుట్టరికం కలిపారో, అదే మొదట లేదు!

అపోహ: నక్షత్రం గుర్తు (*) పెట్టి రాసే మూలరూపాలు, అంటే రాతలో దొరకని పాత మాటలు, పండితుల ఊహలు.

వాస్తవం: కెల్టిక్ భాషలన్నిటికీ తల్లి అయిన మూల కెల్టిక్‌లో ఒక్క శాసనమూ లేదన్నది నిజమే. కానీ పిల్ల భాషలను పోల్చి పాత రూపాన్ని రాబట్టవచ్చు. కన్నడ ‘కివి’, మన ‘చెవి’. కన్నడ ‘కెరె’, మన ‘చెరువు’ పక్కపక్కన పెట్టండి. ఇ, ఎ ముందు పాత ‘క’ తెలుగులో ‘చ’ అయిందని తేలుతుంది. కెల్టిక్‌లోనూ పని ఇదే. రోమన్ సేనాని సీజర్ లాటిన్‌లో రాసిన ‘ద్రుయిదేస్’, పాత ఐరిష్ ‘ద్రుయి’ దొరికాయి. ఐరిష్‌లో అచ్చుల మధ్య ‘వ’ జారిపోతుంది. సంస్కృత ‘నవ’కు జ్ఞాతి అయిన మాట అక్కడ ‘నూఎ’. జారిన ‘వ’ను తిరిగి చేరిస్తే ద్రూయిడ్‌కు మూలరూపం *ద్రువిత్స్ అని తేలుతుంది.

అపోహ: *ద్రువిత్స్‌లో మొదటి సగం ‘ద్రు’ అంటే ఓక్ చెట్టే.

వాస్తవం: గ్రీకులో ఓక్‌ను ‘ద్రూస్’ అంటారని రోమన్ రచయిత ప్లినీ క్రీ.శ. 1వ శతాబ్దంలోనే ముడిపెట్టాడు. తప్పనలేం. మన ద్రుమం, దారువు కూడా ఆ మూలం నుంచి వచ్చినవే. అయితే ఆ మూలానికి ‘గట్టి’ అన్న అర్థచ్ఛాయ కూడా ఉంది. పాత ఐరిష్‌లో ‘దెర్వ్’ అంటే నిశ్చయమైనది. (‘దృఢం’ను ఇందులో కలపకండి, దాని ధాతువు వేరు.) రెండో సగం ‘విద్’, తెలుసుకోవడం. చెట్టును ఎరిగినవాడా, గట్టిగా ఎరిగినవాడా? నా మొగ్గు రెండోదానికే.

అపోహ: అయితే వాళ్లు వేదపండితులే.

వాస్తవం: వారిలో కొందరు 20 ఏళ్లపాటు, రాతతో పని లేకుండా, పద్యాలు వల్లించేవారని సీజర్ రాశాడు. చదివితే నాకూ ఒళ్లు పులకరిస్తుంది. కానీ ‘విద్’ మూలం నుంచే వచ్చిన ‘వేదం’, ‘ద్రూయిడ్’ ఒకే తాత మనవలు. ఒకరికొకరు తండ్రీకొడుకులు కారు.

అపోహ: ఇంగ్లండ్‌లోని ప్రాచీన రాతి వలయం స్టోన్‌హెంజ్‌ను వాళ్లే కట్టారు.

వాస్తవం: ఆ పెద్ద రాళ్లు క్రీ.పూ. 2500 ప్రాంతంలో లేచాయి. ద్రూయిడ్ల ప్రస్తావన దొరికేది సుమారు రెండు వేల ఏళ్ల తరువాత.